పక్కటెముకలు కనిపిస్తున్న బబ్లూకి ఏ డాగ్ ఫుడ్ కొనాలి?

చెన్నై వేళచ్చేరి నుంచి ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. ఎనిమిది నెలల కిందట షెల్టర్ నుంచి ఒక మగకుక్కను తెచ్చుకున్నారు. పేరు బబ్లూ. వయసు మూడేళ్లు ఉండొచ్చన్నారట. చిప్పిప్పారై అనే వేటకుక్క జాతి రక్తం కలిసినవాడు కాబట్టి పొడుగు కాళ్లు, లోతైన ఛాతీ, సన్నటి నడుము. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. తెచ్చిన కొత్తలో 15.5 కిలోలుండేవాడు, రెండు నెలల్లో 16 కిలోలకు వచ్చి అక్కడే ఆగిపోయాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, వెన్ను మీద చెయ్యి వేస్తే పూసలు గుచ్చుకుంటాయి. లిఫ్టులో కలిసిన ప్రతివాళ్లూ "దీనికి తిండి పెట్టడం లేదా?" అని అడుగుతున్నారు.

వాళ్లాయన నాలుగు నెలల్లో మూడు బ్రాండ్లు మార్చారు. మార్చిన ప్రతిసారీ మోషన్స్ పట్టుకుని వారం రోజులు ఇల్లంతా అవస్థే. ఇప్పుడు వాడుతున్న బస్తా మీద ప్రొటీన్ 20 శాతం, కొవ్వు 10 శాతం, పీచు 5 శాతం, తేమ 10 శాతం అని ఉంది. వంటింటి తూకంలో పెట్టి చూస్తే రెండు పూటలా కలిపి 180 గ్రాములకు మించి తినడం లేదు. మధ్యాహ్నం అత్తగారు పెరుగన్నంలో చెంచాడు నెయ్యి వేసి పెడతారు: సుమారు వంద గ్రాముల అన్నం, అంతే పెరుగు. అప్పుడప్పుడు మిగిలిన సాంబారన్నం కూడా. రోజుకు మూడు నాలుగు సార్లు దొడ్డికి పోతాడు. నులిపురుగుల మందు తెచ్చినప్పుడు ఒకసారి వేశారు, రక్తపరీక్ష ఎప్పుడూ చేయించలేదు. "పెరుగన్నం పెట్టి వాడి కడుపు నింపేస్తోంది అమ్మ" అని ఆయన, "ఆ ఎండు ఉండలు తిని ఏ ప్రాణి ఒళ్లు చేస్తుంది" అని అత్తగారు. షాపులో కుర్రాడేమో పప్పీ ఫుడ్ పెట్టమని, పైన వెయిట్ గెయిన్ పౌడర్ కలపమని సలహా ఇచ్చాడు. ఏ డాగ్ ఫుడ్ కొనాలి, పప్పీ ఫుడ్ పెట్టొచ్చా, ఇంట్లో ఎవరి మాట నిజం? ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం:

మీరు గ్రాముల్లో తూచి, బస్తా వెనక అంకెలతో సహా రాశారు. చాలా ఉత్తరాల్లో ఉండనిది ఇదే. ఆ అంకెలు ఉన్నాయి కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను: మీ సమస్య బ్రాండు కాదు. రోజుకు లోపలికి ఎన్ని కేలరీలు వెళ్తున్నాయి, వెళ్లినవి ఒంటికి పడుతున్నాయా అన్నవి రెండూ తేలాకే కొత్త బస్తా కొనండి.

ముందు బబ్లూ నిజంగా బక్కగా ఉన్నాడా, లేక వాడి జాతే అంతా అన్నది చూద్దాం. చిప్పిప్పారై, కన్ని, ముధోల్ లాంటి వేటకుక్కల్లో చివరి రెండు మూడు పక్కటెముకలు, తుంటి ఎముకల మొనలు కొద్దిగా కనబడడం మామూలే. లాబ్రడార్‌ను చూసి అలవాటైన కళ్లకు అవి ఆకలితో ఉన్నట్టే కనిపిస్తాయి. కంటితో కాక చేత్తో చూడండి. మీ పిడికిలి బిగించి కణుపుల మీద రెండో చేతి వేలు పోనిచ్చి చూడండి. పక్కటెముకలు అలా తగిలితే బక్కగా ఉన్నట్టే. అరచేయి చాపి దాని వెనకభాగాన్ని తడిమినప్పుడు తగిలే ఎముకల్లా ఉంటే సరిపోయినట్టు. ఆ తర్వాత తొడల వెనక, వెన్నుకు రెండు పక్కలా నొక్కి చూడండి. కొవ్వు లేకపోయినా కండ గట్టిగా ఉంటే కంగారు లేదు. కండే తరిగి గుంటలు పడితే తిండి మార్చడం కన్నా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వెన్నుపూసలు గుచ్చుకుంటున్నాయని రాశారు కాబట్టి వాడికి ఇంకో కిలోన్నర, రెండు కిలోలు అవసరమనే అనుకుంటున్నాను. 18 కిలోలను తాత్కాలిక లక్ష్యంగా పెట్టుకోండి.

ఇప్పుడు లెక్క. మీ డాగ్ ఫుడ్‌లో బూడిద (అంటే ఖనిజాల) శాతం రాసి లేకపోతే 8 అనుకోండి. వందలోంచి ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద తీసేస్తే మిగిలింది పిండిపదార్థం. మీ బస్తాలో అది 47. ప్రొటీన్‌ను, పిండిపదార్థాన్ని 3.5తో, కొవ్వును 8.5తో గుణించి కలపండి. 70, 164.5, 85 కలిపితే వంద గ్రాములకు సుమారు 320 కేలరీలు. అంటే 180 గ్రాముల్లో 575. అత్తగారి పెరుగన్నంలో అన్నం 130, పెరుగు 60, చెంచాడు నెయ్యి 45, మొత్తం 235. రోజుకు కలిపి 810 దాకా తింటున్నాడు.

ఎంత కావాలో కూడా ఫోన్ క్యాలిక్యులేటర్‌తోనే తేలుతుంది. బరువును బరువుతో, మళ్లీ బరువుతో గుణించి, వర్గమూలం గుర్తు రెండుసార్లు నొక్కండి. వచ్చినదాన్ని 70తో గుణిస్తే కదలకుండా పడుకున్న కుక్కకు కావాల్సిన కేలరీలు వస్తాయి. ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకు దాన్ని 1.6తో గుణిస్తారు. 16 కిలోలకు ఇది 896, 18 కిలోలకు సుమారు 980. ఈ సూత్రం సగటు మాత్రమే. ఒక్కో కుక్కకు పాతిక శాతం అటూ ఇటూ ఉంటుంది. అంతకన్నా నమ్మదగ్గ సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఉంది. రోజుకు 810 తింటూ నెలల తరబడి 16 కిలోల దగ్గరే నిలిచాడంటే, వాడు తగ్గకుండా ఉండడానికి ఆ 810 చాలుతోందని. దాన్ని 980కి తీసుకెళ్తే రోజుకు 170 అదనం. ఆ లెక్కన వారానికి 150 గ్రాముల చొప్పున పెరగాలి. రెండు కిలోలకు మూడు నెలలు దాటుతుంది. ఇంతకంటే తొందరపడితే పెరిగేది కొవ్వే, కండ కాదు.

ఇన్ని చెప్పినా, మీ ఉత్తరంలో ఒక విషయం నన్ను ఆపుతోంది. రోజుకు మూడు నాలుగు సార్లు దొడ్డికి పోవడం. పీచు ఎక్కువ ఉన్న తిండి వల్ల కావచ్చు, తిన్నది అరగకపోవడం వల్లా కావచ్చు. అందుకే కొత్త బస్తాకు ముందు రెండు పరీక్షలు చేయించండి. ఒకటి మలపరీక్ష. మూడు రోజులు వరసగా తాజా నమూనా శుభ్రమైన డబ్బాలో ఇవ్వాలి, ఎందుకంటే కొంకిపురుగులు, జియార్డియా అనే సూక్ష్మజీవి లాంటివి రోజూ బయటపడవు. ఒకసారి మందు వేస్తే ఎప్పటికీ సరిపోదు. పెద్ద కుక్కలకు మామూలుగా మూడు నెలలకోసారి వేస్తారు, మోతాదు బరువును బట్టి. మలం మీద, తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దెపురుగు ముక్కలు. వాటికి వేరే మందు కావాలి, వాటిని అంటించే ఫ్లీలను (ఒంటి మీద గెంతే చిన్న పురుగులను) కూడా వదిలించాలి, లేదంటే తిరిగి వస్తాయి.

రెండోది రక్తపరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్కతో సహా. చెన్నై ఉక్కపోతలో గోమార్లు (టిక్స్) ఏడాది పొడుగునా ఉంటాయి. అవి అంటించే టిక్ ఫీవర్‌లో ఎర్లీకియా అనేది నెలల తరబడి పైకి ఏమీ తెలియకుండా ఉండి, కుక్కను లోలోపల తినేస్తుంది. ఆకలి తగ్గడం, చిగుళ్లు పాలిపోవడం, ఎప్పుడైనా ముక్కులోంచి రక్తం రావడం దీని గుర్తులు. షెల్టర్ నుంచి వచ్చిన కుక్కకు ఈ పరీక్ష ఎప్పుడూ చేయించలేదంటే ఇప్పుడైనా తప్పనిసరి. కిడ్నీ, లివర్ అంకెలు కూడా అదే రక్తంతో తేలతాయి. ప్రైవేట్ క్లినిక్‌లో ఖర్చు భారమైతే వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది. 1903లో మొదలైన కాలేజీ అది. పొద్దున్నే వెళ్లండి.

మలం రంగు కూడా గమనించండి. లేత పసుపులో, జిడ్డుగా, కుప్పలుగా పోతూ, ఎంత తిన్నా ఆకలి తీరనట్టు ఉంటే పాంక్రియాస్ జీర్ణరసాలు తయారు చేయడం లేదేమో అని అనుమానించాలి. దానికి టీఎల్ఐ అనే రక్తపరీక్ష ఉంది, పన్నెండు గంటలు పస్తు ఉంచి చేస్తారు. బబ్లూ గిన్నెలో వదిలేస్తున్నాడు కాబట్టి అది కాకపోవచ్చు. కానీ చూపించేటప్పుడు మలం ఫొటో ఒకటి డాక్టర్‌కు చూపించండి, మాటల్లో చెప్పేకన్నా తొందరగా తేలుతుంది.

పరీక్షలు బాగున్నాయనుకుందాం. అప్పుడు మీ ముందు మూడు దారులుంటాయి.

ఇప్పుడున్న బస్తానే కొనసాగించి పరిమాణం పెంచడం మొదటిది. పై తిండికి వంద కేలరీలు వదిలి మిగిలిన 880 దీంతో రావాలంటే 275 గ్రాములు కావాలి. కడుపు కొత్త తిండికి అలవాటు పడే పని లేదు, ఖర్చూ తక్కువ. కానీ 180 దగ్గరే ఆగిపోతున్నవాడు 275 తింటాడా? తిన్నా పీచు ఎక్కువ కాబట్టి మలం ఇంకా పెరుగుతుంది. ఆకలి బాగా ఉన్న కుక్కకు ఈ దారి సరే, బబ్లూకి కష్టం.

కొవ్వు ఎక్కువున్న పెద్ద కుక్కల తిండికి మారడం రెండోది, నేను మొగ్గేదీ ఇటే. ప్రొటీన్ 26 నుంచి 30, కొవ్వు 16 నుంచి 20, పీచు 4 లోపు ఉన్నవి చూడండి. 'యాక్టివ్', 'హై ఎనర్జీ' అన్న పేర్లతో వచ్చేవి సాధారణంగా ఈ కోవలోవే, అయినా ముందువైపు బొమ్మను కాక వెనక అంకెలను నమ్మండి. ప్రొటీన్ 28, కొవ్వు 18, పీచు 3, తేమ 10 ఉన్నదానికి పై లెక్క వేస్తే వంద గ్రాములకు 366 కేలరీలు. ఇప్పుడు తింటున్న 180 గ్రాములే దీన్ని పెట్టినా 660 వస్తాయి. 880 కావాలంటే 240 గ్రాములు చాలు, పూటకు 80 చొప్పున మూడు పూటలు. ప్రొటీన్ అంకె చూసి మురిసిపోయి కొనేవాళ్లు చాలామంది. బరువు పెంచేది ముఖ్యంగా కొవ్వు, గ్రాముకు గ్రాము రెండింతలకు పైగా కేలరీలు దాంట్లోనే ఉన్నాయి. బస్తా మీద 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని ఉందో లేదో చూడండి, లేకపోతే అది పూర్తి ఆహారం కాదు. 'గ్రెయిన్ ఫ్రీ' కోసం అదనంగా డబ్బు పెట్టకండి. బరువుకు దాంతో పని లేదు. పైగా బఠాణీ, పప్పులు ఎక్కువగా వేసిన అలాంటి తిండికీ గుండెకండర జబ్బుకీ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో పరిశీలన మొదలుపెట్టింది.

ధర విషయంలో కిలో రేటు మోసం చేస్తుంది. కిలో 300 రూపాయల బస్తాలో 3,200 కేలరీలు, 450 రూపాయల బస్తాలో 3,660 ఉన్నాయనుకోండి. వెయ్యి కేలరీలకు మొదటిది 94 రూపాయలు, రెండోది 123. తేడా ఉంది, కానీ రేటులో కనిపించినంత లేదు.

మూడోది షాపు కుర్రాడు చెప్పిన పప్పీ ఫుడ్. ఆ సలహా తప్పేమీ కాదు. కేలరీలు, కొవ్వు ఎక్కువ కాబట్టి బక్కచిక్కిన పెద్ద కుక్కలకు కొన్నాళ్లు పెడతారు. కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువుంటాయి కాబట్టి కిడ్నీ అంకెలు బాగున్నాయని తెలిశాకే, అదీ రెండు మూడు నెలలకే. మంచి హై ఎనర్జీ తిండి దొరుకుతుంటే దీని అవసరం పడదు. మీ దగ్గర షాపులో తాజా స్టాకు ఇదే దొరికితే ఇదే కొనండి. ఆ పౌడర్ మాత్రం వద్దు. వెయిట్ గెయిన్ పౌడర్లలో ఎక్కువ భాగం చక్కెర జాతి పిండే. మనుషుల ప్రొటీన్ పౌడర్‌లో అయితే జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు, కుక్కకు అది విషం.

కొనేటప్పుడు పెద్ద బస్తా విప్పి కిలోల లెక్కన లూజుగా అమ్మేది తీసుకోకండి. సముద్రపు గాలికి కొవ్వు తొందరగా కనరెక్కుతుంది, ఎక్కువ కొవ్వున్నది ఇంకా తొందరగా. మనకు తెలియకపోయినా బబ్లూకి ఆ వాసన తెలుస్తుంది, గిన్నె వాసన చూసి వెళ్లిపోతాడు. నెలలో అయిపోయే సైజు కొని, బస్తా మూతి మడిచి, బస్తాతో సహా గాలి చొరని డబ్బాలో పెట్టండి. డబ్బాలో గుమ్మరిస్తే అడుగున పాత కొవ్వు పేరుకుని కొత్తదాన్నీ పాడుచేస్తుంది.

ఇక మార్చే పద్ధతి. మీ ఇంట్లో మోషన్స్ పట్టుకున్నది బ్రాండుల వల్ల కాదు, ఒక్కరోజులో మార్చడం వల్లే అనుకుంటున్నాను. మొదటి మూడు రోజులు కొత్తది పావు వంతు, తర్వాత మూడు రోజులు సగం, ఆ తర్వాత మూడు రోజులు ముప్పావు, పదో రోజు పూర్తిగా. ఈ పది రోజులూ మొత్తం పరిమాణం పెంచొద్దు. మార్చడం, పెంచడం రెండూ ఒకేసారి చేస్తే ఏది పడలేదో తెలియదు. కొంచెం పలచగా పోతే పాత తిండికి పూర్తిగా వెళ్లిపోకుండా ఒక మెట్టు వెనక్కి వెళ్లి మూడు రోజులు ఆగండి. పదకొండో రోజు నుంచి వారానికి పది శాతం చొప్పున పెంచుతూ 240 గ్రాములకు చేరండి. మళ్లీమళ్లీ వాంతులై, ముందుకాళ్లు నేలకు ఆనించి వెనక భాగం పైకెత్తి నిలబడుతుంటే అది పాంక్రియాస్ వాపు కావచ్చు, అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

గిన్నెలో వదిలేసే అలవాటుకు: తిండి పెట్టాక ఇరవై నిమిషాలు ఉంచి తీసేయండి, రోజంతా అక్కడే ఉంచొద్దు. గోరువెచ్చని నీళ్లు చిలకరించి పది నిమిషాలు ఆగితే వాసన లేచి ఇష్టంగా తింటాడు. తడిపినదాన్ని చెన్నై వేడిలో ఎక్కువసేపు ఉంచొద్దు. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద భాగాలు తెల్లవారుజామున, పొద్దుగూకాక పెట్టండి, మధ్యాహ్నం తక్కువ. మూడు పూటలు అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఎక్కువ. ఒకేసారి పెద్ద గిన్నె పెట్టొద్దు, తినే ముందూ తిన్నాకా గంటసేపు పరుగులు వద్దు. పొట్ట బిగిసి, కక్కబోతున్నా ఏమీ రాకపోతే అర్ధరాత్రైనా ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు మీ అత్తగారి విషయం. పెరుగన్నం వల్ల బబ్లూకి హాని జరగలేదు. రోజుకు 235 కేలరీలు ఆవిడ చేతి మీదుగానే వెళ్తున్నాయి, ఒక్కసారిగా మానేస్తే ఉన్న బరువు తగ్గేది. మీ వారికి ఆ అంకె చూపించండి. అయితే మీ ఆయన మాటలోనూ నిజముంది. అంత తడి తిండి కడుపు నింపుతుంది, ప్రొటీన్ తక్కువ. పై తిండి మొత్తం కేలరీల్లో పదో వంతు దాటితే బస్తాలో సరిచూసి కలిపిన విటమిన్లు, ఖనిజాల లెక్క తప్పుతుంది.

ఆవిడ చేతిలోంచి గిన్నె లాక్కోవద్దు. మధ్యాహ్నం పూట ఆవిడదే అని ఉంచండి. 80 గ్రాముల డ్రై ఫుడ్ మీద ఉడికించిన గుడ్డు ఒకటి చిదిమి, రెండు చెంచాల పెరుగు వేసి కలపమనండి. గుడ్డు 70, పెరుగు 20, మనం వదిలిన వందలో సరిపోతుంది. ఇంట్లో గుడ్డు ముట్టకపోతే ఉప్పులేని పనీర్ పాతిక గ్రాములు. నెయ్యి మానిపించండి, కొత్త తిండిలో కొవ్వు ఇప్పటికే ఎక్కువ. పది రోజుల మార్పు సమయంలో అన్నాన్ని కూడా అదే మెట్ల లెక్కన తగ్గించండి. పూర్తిగా ఇంట్లో వండి పెట్టాలని ఆవిడకు ఉంటే అదీ కుదరని పని కాదు, కానీ అన్నం, చికెన్ మాత్రమే చాలవు. కాల్షియం, జింకు లాంటివి లెక్కగట్టి డాక్టర్ రాసిచ్చిన పద్ధతిలోనే చేయాలి.

సాంబారన్నం విషయంలో మాత్రం మెత్తగా చెప్పలేను. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలను పగలగొడతాయి, ఉడికించినా అంతే. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం ద్రాక్షలాగే కిడ్నీలను దెబ్బతీయొచ్చని పశువిషవైద్య నిపుణులు 2021 నుంచి హెచ్చరిస్తున్నారు. ఆవిడకు అడ్డు చెప్పడం మీకు ఇబ్బందైతే పరీక్షలకు వెళ్లినప్పుడు ఆవిడనూ వెంట తీసుకెళ్లి డాక్టర్ నోట చెప్పించండి.

బరువు ఆదివారం పొద్దున, తిండికి ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక చూడండి. మీరు ఎత్తుకుని బాత్రూం తూకం మీద నిలబడి, తర్వాత మీ ఒక్కరి బరువు తీసేయండి. ఆ తూకం వంద రెండు వందల గ్రాములు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి ఒక వారం అంకె చూసి తిండి మార్చకండి, నాలుగు వారాల తేడా చూడండి. అరకిలో దాకా పెరిగితే దారిలో పడినట్టే. నెలకు ముప్పావు కిలో దాటితే ఇరవై గ్రాములు తగ్గించండి. నడక మానిపించొద్దు, కండ పట్టేది నడకతోనే. 240 గ్రాములూ గిన్నె ఖాళీ చేస్తూ ఆరు వారాలకు కూడా కదలకపోతే, ఇంకో బ్రాండు కోసం షాపుకు కాదు, ఈ అంకెలన్నీ రాసిన కాగితం పట్టుకుని మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లి టీఎల్ఐ, బీ12 పరీక్షల గురించి అడగండి. పెరుగుతూ వచ్చి, పక్కటెముకలు అరచేయి వెనకభాగంలా తగలడం మొదలైతే మాత్రం తూకం 17.5 చూపించినా సరే, అక్కడ ఆపి పెరగకుండా నిలిచే పరిమాణానికి తగ్గించుకోండి.